వణికినోడే దొంగ

కాణిపాకం గుడి గడప ముందు మా నాయన చేతులు వణకడం మొదలుపెట్టినప్పుడు, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేలా నేనన్న మాట ఇది: "వణికినోడే దొంగ. నువ్వు చెప్పిందే గదా నాయనా?"

ఆయన తల మీది నీళ్లు ఇంకా కారుతున్నాయి. పంచె కాళ్లకు అంటుకుపోయింది. ప్రమాణం చేసేవాళ్లు స్నానం చేసి, తడిబట్టలతోనే స్వామి ముందుకు పోవాలి. ఆ సంగతి ఆయనకు నేను చెప్పనక్కర్లేదు. ఎన్నో ఏళ్లుగా ఎంతోమందిని అలా తడిపి నిలబెట్టిన మనిషి ఆయన. లోపలికి పోయి ఒక్క వాక్యం చెప్పాలి: "నా కూతురు ఆ రోజు అబద్ధమాడింది." అంతే. దానికి ఆయన ఒప్పుకున్నాడు కూడా. "నాకేం భయమా?" అని కళ్లద్దాలు తీసి నా చేతికిచ్చి మరీ వెళ్లి స్నానం చేసి వచ్చాడు. తీరా గడప దగ్గరకు వచ్చాక కాలు లోపలికి పడలేదు.

ఐరాల పక్క పల్లె నుంచి ఆవు తగాదా మీద వచ్చిన మనుషులిద్దరు మా వెనకే నిలబడి ఉన్నారు. వాళ్లకు మా నాయన బాగా తెలుసు. అందులో పెద్దవాడు, "అయ్యో పెద్దాయనా, నీ మందు నీకే పోసినారే!" అన్నాడు. రెండోవాడు నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

నాయన వాళ్లకేసి చూడలేదు. నాకేసీ చూడలేదు. వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, అరుగు మీద కూలబడ్డాడు. కాణిపాకానికి ప్రమాణం చేస్తానని వచ్చి చెయ్యకుండా వెనుదిరిగినవాడు తప్పు ఒప్పుకున్నట్టే. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన చట్టమిది. చిత్తూరు కోర్టులో అప్పీలు ఉంటుంది కానీ దీనికి అప్పీలు లేదు.

ఆ నిమిషంలో నాకు కలిగిన సుఖాన్ని తక్కువ చేసి చెప్పను. ఎండలో చాలా దూరం నడిచొచ్చినవాడికి చెంబెడు మజ్జిగ ఇచ్చినట్టు ఉండింది.

మా నాయన ఆస్తిపరుడు కాదు. చదువు కూడా అంతంతే. కాస్త మామిడి తోట, రెండు పాడి ఆవులు, అంతకు మించి ఊళ్లో మాట. చుట్టుపక్కల పల్లెల్లో పొలాల మధ్య గెనిమ గట్టు జరిగినా, బోరు నీళ్ల వంతు తప్పినా, కోడి పోయినా, కోడలు అలిగినా ఆయన్నే పిలిచేవాళ్లు. ఇరుపక్షాలనూ చివరిదాకా విని, ఎవరూ దిగిరాకపోతే ఆయన చివరగా అనే మాట ఒకటే. "సరే, కాణిపాకం పోదాం పదండప్పా."

ఆయన పనితనమంతా అక్కడే ఉండేది. గుడి దాకా బండి ఎక్కనిచ్చేవాడు కాదు. బస్సును ఊరి మొదట్లోనే ఆపించి అక్కడినుంచి నడిపించేవాడు. దావ పొడుగునా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు, వాళ్లను మాట్లాడనిచ్చేవాడు కాదు. తాను వెనక నడుస్తూ వాళ్ల చేతులే చూసేవాడు. మొహం అబద్ధమాడగలదు, చెయ్యి ఆడలేదు అనేవాడు. "వణికినోడే దొంగ" అన్నది ఆయన సిద్ధాంతం. చాలాసార్లు గుడి కనబడేలోపే ఎవరో ఒకరు కూలబడి, "తప్పయిపోయింది, గెనిమ నేనే జరిపినా" అని ఒప్పుకునేవారు. ప్రమాణం దాకా పోయినవి చాలా తక్కువ. అందుకే ఆయనంటే అంత పేరు.

నాకు పదేళ్లప్పుడు పొద్దున్నే కడుపులో తిప్పడం మొదలైంది. బడి గంట తలుచుకుంటే చాలు, చేతులు చల్లబడేవి. పంతులు పేరు పిలిస్తే చెవుల్లో గుండె కొట్టుకునేది, ఊపిరి గొంతు దగ్గరే ఆగిపోయేది. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. చదువు రాకపోవడమూ కాదు. ఎందుకొచ్చేదో నాకు తెలియదు. ఇవాళ దానికి ఆందోళన అని పేరుంది, మందుంది, దాని గురించి నేను పనిచేసే పత్రికలోనే ఆదివారం పూట పేజీలు నింపాం. అప్పుడు మా ఇంట్లో దానికి రెండే పేర్లు. అమ్మ దిష్టి అనేది, నాయన దొంగ వేషాలు అనేవాడు.

అమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. వాము నీళ్లు తాగించింది. పలమనేరు దగ్గర ఎవరో మంత్రిస్తారంటే పోయి తాయెత్తు కట్టించుకొచ్చింది. నీకేమవుతోందని మాత్రం అడగలేదు. అయినా అమ్మ మీద నాకు కోపం లేదు. నాకేదో పట్టుకుందని ఆమె నమ్మింది. పట్టుకున్నదాన్ని వదిలించాలని చూసింది.

నాయన దాన్ని పంచాయితీగా తీసుకున్నాడు. ఒక పక్షం బడి, ఇంకో పక్షం నేను. కడుపునొప్పి ఉందని నేనంటాను, ఆదివారం పూట ఎందుకు రాదని బడి తరఫున ఆయన అడుగుతాడు.  ఒక సోమవారం పొద్దున నేను వాకిట్లో వాంతి చేసుకుంటుంటే, ఆయన మొహం కడుక్కుంటూనే, "గమ్మున లెయ్. కాణిపాకం పోదాం పద" అన్నాడు.

పెద్దవాళ్లతో చేసినట్టే చేశాడు. ఊరి మొదట్లోనే బస్సు దించాడు.  నేను ముందు, ఆయన వెనక. వెనక్కి తిరిగి చూస్తే ఆయన కళ్లు నా మొహం మీద లేవు, చేతుల మీద ఉన్నాయి. నా చేతులు వణుకుతున్నాయి. అసలు నా జబ్బే అది. ఏ జబ్బు ఉందని చెబుతున్నానో ఆ జబ్బునే ఆయన నా అబద్ధానికి సాక్ష్యంగా రాసుకుంటున్నాడు. పావడాలో చేతులు దాచుకున్నాను. అదింకా పెద్ద సాక్ష్యమైంది.

గుడి ముందు నన్ను తడిపారు. చలికి కూడా వణుకుతున్నాను. "స్వామి ముందర అబద్ధం చెప్తే ఏమైతాదో తెలుసు గదా?" అన్నాడు. తెలుసు. కళ్లు పోతాయి, ఇంట్లో ఎవరో ఒకరు పోతారు. అమ్మ పోతుందేమోనని భయమేసింది. నొప్పి నిజమే, కానీ వణికేవాళ్లు దొంగలని ఇన్నేళ్లుగా వింటున్నాను, నేను వణుకుతున్నాను. కాబట్టి నేను దొంగనేనేమో. "అబద్ధం నాయనా. నొప్పి లేదు" అన్నాను.

ఆయన మొహం విచ్చుకుంది. నా తల తుడిచి, అంగట్లో బొరుగులు కొనిపెట్టాడు. మర్నాటి నుంచి నేను బడికి పోయాను. కడుపులో తిప్పడం తగ్గలేదు. చెప్పడం మానేశాను, అంతే. వాంతి వస్తే బడి వెనక గోడ దగ్గరకు పోయి చేసుకొచ్చేదాన్ని.

ఇంతటితో పోయి ఉంటే బహుశా మరిచిపోయేదాన్నే. ఆయన మరవనివ్వలేదు. అది ఆయనకు ఇష్టమైన కథయింది. పెళ్లిళ్లలో, తిథుల్లో, టీ అంగడి బల్ల మీద, ఎవరు దొరికితే వాళ్లకు చెప్పేవాడు. "సొంత బిడ్డనే వదల్లేదప్పా నేను. గడప కాడికి పోతానే గడగడా వణికి, అబద్ధం నాయనా అనేసింది. యాడన్నా ఉండాదా ఈ న్యాయం?" అందరూ నవ్వేవాళ్లు. ఆ తర్వాత నన్ను పిలిచేవాడు. "నేను చెప్పేదెందుకు, దాన్నే అడగండి. అవునా కాదా మే?" నేను నవ్వి, అవును అనాలి. నా పెళ్లిలో మగపెళ్లివాళ్ల మధ్య కూర్చుని చెప్పాడు. తలంబ్రాల చేతులతో నేను అవునన్నాను.

తిరుపతిలో పత్రిక డెస్కులో చాలాకాలంగా పనిచేస్తున్నాను. కాణిపాకం ప్రమాణాల వార్తలు తరచూ నా చేతి మీదుగానే పోతుంటాయి. వాటా తగాదాలు, సర్పంచుల సవాళ్లు, నాయకులు ఒకరినొకరు రమ్మని పిలుచుకోవడాలు. వాటితో వచ్చే ఫొటోలు చూసీ చూసీ నేను తెలుసుకున్నది ఒకటుంది. ఎవరు అబద్ధమాడారో కొన్నాళ్లకు బయటపడేది కదా, అప్పుడు పాత ఫొటో తీసి చూసేదాన్ని. అబద్ధమాడినవాడి చెయ్యి దీపం పట్టుకున్నంత నిలకడగా ఉండేది. నిజం చెప్పినవాడే బెదిరిన గొడ్డులా నిలబడి ఉండేవాడు. మా నాయన సిద్ధాంతం ఎంతమంది అమాయకుల చేత తప్పులు ఒప్పించిందో అప్పుడు అర్థమైంది. ఆయనతో అనలేదు. సమయం కోసం చూశాను. పత్రికలో పనిచేసేవాళ్లకు ఆ ఓపిక ఉంటుంది.

నాకు కావలసింది ఒక్కటే. "నువ్వు ఆ రోజు అబద్ధమాడలేదు" అని ఆయన నోటితో ఆయన అనాలి. లేదా నేను అబద్ధమాడానని దేవుడి ముందు ప్రమాణం చెయ్యాలి. రెండింటిలో ఏదో ఒకటి.

నా కూతురికి పదమూడేళ్లు వచ్చేసరికి అదే మొదలైంది. పొద్దున యూనిఫాం వేసుకుని, బూట్లు కట్టుకుని, తలుపు దగ్గర ఆగిపోయేది. చేతులు చల్లగా, పెదవులు తెల్లగా. డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. భయం వచ్చినప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పించారు, తొందరపెట్టొద్దన్నారు. కొన్ని రోజులు పోయేది, కొన్ని రోజులు మెట్ల మీదే కూర్చుండిపోయేది. నేనూ పక్కన కూర్చునేదాన్ని. మా ఆయన మాత్రం, "అంతా ఆ ఫోను వల్లే" అని స్కూటరు తీసుకుని వెళ్లిపోయేవాడు.

అలాంటి రోజుల్లోనే నాయన కంటి ఆపరేషనుకని తిరుపతి వచ్చి మా ఇంట్లో దిగాడు. కొత్త కంటితో ఆయన మొట్టమొదట గమనించింది మనవరాలి చేతుల్ని.

"ఏమ్మే, దీనికీ నీ రోగమే వచ్చినట్టుండాదే" అన్నాడు ఒకరోజు కాఫీ తాగుతూ.

"రోగమని ఇప్పుడొప్పుకుంటాండావా?"

"నీకు కుదిరింది గదా. ఒక్క దినంలో కుదిర్చినా."

"దాని జోలికి రావద్దు నాయనా."

"నేనేం కొడతానా, తిడతానా? దేవుడి కాడికే గదా" అని గ్లాసు కింద పెట్టాడు. ఆ మాటను అప్పుడే పట్టుకోవాల్సింది.

నా డ్యూటీ సాయంత్రాలు కాబట్టి, పని అర్ధరాత్రి దాటిన మర్నాడు ఆలస్యంగా లేస్తాను. అలా ఒకరోజు లేచేసరికి ఇంట్లో ఇద్దరూ లేరు. మా ఆయన పేపరు చదువుకుంటున్నాడు. "మీ నాయన పాపను కాణిపాకం తీసకపోయినాడు. దర్శనమే కదా, పోయి రానీలే" అన్నాడు. మా పెళ్లిలో ఆ కథకు అందరికంటే గట్టిగా నవ్వినవాడు ఈయనే. ఈయనతో లెక్క వేరుగా ఉంది, అది ఇక్కడ రాయను.

వాళ్లు బస్సులో చిత్తూరు పోయి అక్కడ ఇంకో బస్సు ఎక్కాలి. నేను కారు మాట్లాడుకున్నాను. కూతుర్ని కాపాడటానికి పోతున్నానని డ్రైవరుతో అన్నాను. దావలో నేను తయారుచేసుకున్నది మాత్రం నాయనతో అనాల్సిన మాటలు. ఒక్కో మాటా శీర్షిక దిద్దినట్టు దిద్దుకున్నాను.

అనుకున్న చోటే దొరికారు, గుడికి పోయే రోడ్డు మీద. పాప ముందు, ఆయన వెనక, ఆయన కళ్లు దాని చేతుల మీద. కారు ఆపి దిగాను. పాప పరిగెత్తుకొచ్చి నా పక్కన నిలబడింది. ఏడవలేదు. చేతులు మాత్రం చంకల కింద పెట్టుకుని ఉంది.

"నువ్వెందుకొచ్చినావు?" అన్నాడు నాయన.

అప్పుడే ఆ ఆవు తగాదా మనుషులు మమ్మల్ని దాటుతూ ఆగారు. "ఏమి పెద్దాయనా, ఈసారి ఎవురి పంచాయితీ?" అన్నాడు పెద్దవాడు.

"నా మనవరాలిదప్పా."

"కాదు, నాది," అన్నాను. "పాతది. తీర్పు తప్పింది. నువ్వు ఊరూరా చెప్పుకుంటాండావే, నేను అబద్ధమాడినానని, ఆ మాట ఈ పొద్దు స్వామి ముందర చెప్పు. నువ్వు ప్రమాణం చేస్తే పాపను నేనే తీసుకొచ్చి నిలబెడతా."

"పిచ్చి పట్టిందా నీకు?"

"భయమా?"

ఆ ఒక్క మాట చాలింది. మనుషులు చూస్తున్నారు. ఇన్నేళ్లు ఆయన ఎదుటివాళ్ల మీద వాడిన ఉచ్చే అది, అందరి ముందు కాదనలేకపోవడం. కళ్లద్దాలు తీసి నా చేతికిచ్చాడు. తర్వాత గడప దగ్గర ఏం జరిగిందో మొదటే చెప్పాను.

చెప్పనిది ఒకటుంది. ఆయన అరుగు మీద కూలబడ్డాక నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. ఇప్పుడైనా అంటాడని. చేతులు ఇంకా వణుకుతున్నాయి, రొమ్ము ఎగిసెగిసి పడుతోంది, నోరు తెరిచినా మాట రావడం లేదు. అప్పుడు పాప నన్ను దాటుకుని పోయి ఆయన పక్కన కూర్చుంది. ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"తాతా, నన్ను చూడు. మెల్లిగా పీల్చు. నాతోపాటు. ఇప్పుడు వదులు. ఇంకా మెల్లిగా. చచ్చిపోతామేమో అనిపిస్తాది, ఏం గాదు. పోతాది అది."

ఆయన చిన్నపిల్లవాడిలా దాని మొహమే చూస్తూ ఊపిరి తీసుకున్నాడు. ఎవరి చేతులనైతే ఆ పొద్దున దొంగ చేతులని పట్టుకోవాలని వచ్చాడో ఆ చేతులు ఆ సమయానికి వణకడం లేదు. ఆయన నోటి నుంచి ఒక మాట రావలసిన సమయమది. పాప దాన్ని ఊపిరితో నింపేసింది. నాకు కోపం వచ్చింది, దాని మీద కూడా.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన ముందు సీట్లో నిద్రపోయాడు. నిద్రపోయినట్టు నటించాడో మరి. వెనక పాప నా చెవిలో, "అమ్మా, తాతకి వచ్చింది నాకొచ్చేదే" అంది.

"కాదు. ఆయనది తప్పు చేసినోళ్లకి వచ్చేది."

"అది ఎట్ల తెలుస్తాది? ఒకే మాదిరి ఉండాదే."

 కిటికీలోంచి మామిడి తోటలు చూస్తూ కూర్చున్నాను. గడప ముందు నేనన్న మాట దానికీ వినబడింది. అది నాకు తెలుసు. అయినా ఆ మాట వెనక్కి తీసుకోవాలని నాకు అనిపించలేదు. ఆ మాట నాది కాదు. ఆయనదే. ఆయన సొమ్ము ఆయనకు చేర్చాను.

అక్కడితో ఆగలేదు కూడా. మరుసటి వారం ఐరాల వైపు వార్తలు పంపే మా విలేకరికి ఫోన్ చేసి, మాటల్లో మాటగా సంగతంతా చెప్పాను. "వార్తేం కాదబ్బా. ఎవురికీ చెప్పొద్దు" అన్నాను. విలేకరికి ఆ మాట చెబితే ఏమవుతుందో డెస్కులో పనిచేసినవాళ్లకు తెలుసు. నెల తిరక్కుండా చుట్టుపక్కల పల్లెలన్నింటికీ పాకింది. పెద్దాయన కాణిపాకం పోయి, గడప దాటలేక తిరిగొచ్చినాడంట. కూతురి మీదే అబద్ధం కట్టినాడంట.

ఆయన వాకిట్లో ఇప్పుడు కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. బోరు నీళ్ల తగాదాలు నేరుగా స్టేషనుకు పోతున్నాయి. మొన్న చిత్తూరులో బంధువుల పెళ్లికి వెళ్తే ఆయన భోజనాల దగ్గర మూల బల్ల మీద కూర్చుని గమ్మున తింటున్నాడు. ఎవరో కుర్రవాడు తెలియక, "తాతా, అదేందో కాణిపాకం కథ చెప్తావంట గదా" అన్నాడు. పక్కవాళ్లు వాడిని మోచేత్తో పొడిచారు. నేను అవతలి వరసలో కూర్చుని, పాయసం ఇంకొంచెం వెయ్యమన్నాను.

పాప వారంలో కొన్ని రోజులు బడికి పోతుంది, కొన్ని రోజులు మెట్ల దగ్గరే ఆగిపోతుంది. డాక్టరు ఇంకా సమయం పడుతుందంటున్నారు. ఆదివారాలు అది తాతకు ఫోన్ చేస్తుంది. గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. పొద్దున్నే లేచేసరికి రొమ్ములో దడగా ఉంటుందని ఆయన దానితో అంటాడట. చిన్నప్పటి నుంచీ ఉందట. పంచాయితీకి పోయే ముందు ఎప్పుడూ ఉండేదట. అందుకే చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాడట. డాక్టరు దగ్గరకు రమ్మంటే రాడు. ఇది నిజమో, దాని జాలి కోసం అల్లిన కథో నేను తేల్చుకోలేకపోతున్నాను. నిజమైతే ఆయన నాకు చేసింది ఇంకా పెద్ద తప్పు. తనకు తెలిసిన జబ్బునే దొంగతనమన్నాడు.

ఒకరోజు ఫోన్ పెట్టి బయటికొచ్చిన పాపను అడిగాను.

"నేను అబద్ధమాడినానా లేదా అని తాత ఎప్పుడన్నా చెప్పినాడా?"

"చెప్పినాడు."

"ఏమని?"

"నీకు చెప్పొద్దన్నాడు."

ఎంతోమంది నోటి నుంచి రాని మాటలు రాబట్టినదాన్ని. దాన్ని బతిమాలాను, మాటల్లో పెట్టి చూశాను, అలిగి చూశాను. ఇంతవరకూ చెప్పలేదు.